ముప్పైనాలుగో ప్రశ్న దగ్గర

"సార్, నేను దొంగను కాదని కాగితం మీద రాసిస్తరా?"

గుమ్మంలో నిలబడి ఆ మాట అడిగిన మనిషి చంకలో మూడేళ్ళ పాప ఉంది. కాళ్ళకు రెండు వేరువేరు చెప్పులున్నాయి. ఆ సంగతి ఆవిడకు తెలిసినట్టు లేదు.

జగన్మోహన్ ఎవరో పెళ్ళికొడుకు మీద రాస్తున్న రిపోర్టు పక్కన పెట్టాడు. నారాయణగూడ చౌరస్తాలో, బేకరీ పైనున్న ఆ రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చే పనుల్లో పదింట తొమ్మిది అలాంటివే. అబ్బాయి తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇదివరకు ప్రేమాయణం ఏమైనా ఉందా. తన గురువు బుర్రకు తగిన కేసు ఏనాటికైనా మెట్లెక్కి వస్తుందని అసిస్టెంటు తన్మయి మూడేళ్ళుగా కాచుకుని కూర్చుంది. ఆశకు అంతు లేదంటారు కదా.

"రాసివ్వడం తేలికే అమ్మా. ముందు తేల్చాలి గదా. కూర్చో. నీళ్ళు తాగు."

ఆవిడ పేరు రాగిణి. ఇల్లు అశోక్‌నగర్. భర్త శశాంక్ మందుల కంపెనీలో పనిచేస్తూ వారమంతా జిల్లాలు తిరిగి శనివారానికి ఇల్లు చేరతాడు. ఇంట్లో అత్తగారు, పాప తేజస్వి. ఒకప్పుడు రాగిణి కూడా గ్రూప్స్‌కు చదివింది. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున ఎనిమిదింటికే కుర్చీ పట్టుకునేది. పెళ్ళయింది, పాప పుట్టింది, పుస్తకాలు అటకెక్కాయి. ఇప్పటికీ ఆ లైబ్రరీ ముందు నుంచి ఆటోలో పోతే తల అటు తిప్పదు. తిప్పితే దిగాలనిపిస్తుందని ఆమె భయం.

"ఇంట్ల ఉండి చేసే పని కోసం రెండేళ్ళు దేవులాడిన సార్. ఫారాలు నింపే పనని ఒకడు డిపాజిట్ కట్టించుకొని ఫోన్ బంద్ పెట్టిండు. ఇంకోళ్ళు వీడియోలకు లైకులు కొట్టమన్నరు, అదీ మోసమే. ఆఖరుకు ఈ పని దొరికింది."

ఆ పని అశోక్‌నగర్‌లోనే ఉన్న శ్రావణ్ కోచింగ్ సెంటర్‌ది. అక్కడ ప్రతి ఆదివారం వంద ప్రశ్నల నమూనా పరీక్ష పెడతారు. పరీక్ష అయ్యాక ప్రశ్నలూ జవాబులూ వివరణతో సహా పిల్లలు ఫోన్లో వింటారు. ఆ చదివే గొంతు రాగిణిది. గురువారం పొద్దున పేపరు ఆమెకు వస్తుంది, శుక్రవారం సాయంత్రానికి ఆమె చదివి పంపాలి.

"నాలుగు వారాల సంది పరీక్షకు ముందే ప్రశ్నలు బయటికి వస్తున్నయి. శనివారం సాయంత్రానికి చిక్కడపల్లి జిరాక్స్ షాపుల దొరుకుతున్నయి. నేనే అమ్ముకుంటున్ననని శ్రావణ్ సార్ అంటున్నడు. ఈ గురువారం లోపట తేలకపోతే పని లేదు, పోలీసు కంప్లైంట్ అన్నడు." రాగిణి పాపను దగ్గరికి లాక్కుంది. "ఇది నిజమైన పని సార్. పాప నా కండ్ల ముందే ఉంటది. ఇది పోతే ఇంకోటి నాకు దొరకది."

బయటికొచ్చిన ప్రశ్నల కాగితాలు ఆమె వెంట తెచ్చింది. మూడూ చేతిరాతే. జగన్మోహన్ వాటిని బల్ల మీద పరిచాడు.

"నాలుగు వారాలన్నావు. కాగితాలు మూడే ఉన్నాయి."

"రెండో వారం రాలే సార్."

"ఆ వారం మీ ఇంట్లో విశేషం ఏమైనా ఉందా?"

"విశేషమేముంటది. పాపకు జరమొచ్చింది. పొద్దంతా మంచం దిగకుంట దాని పక్కనే ఉన్న. తెల్లారుజామున లేచి చదివి పంపిన."

జగన్మోహన్ మొదటి కాగితం చివర వేలు పెట్టాడు. అది ముప్పైనాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. మూడో వారానిది ఇరవైరెండు దగ్గర, నాలుగో వారానిది నలభైయొకటి దగ్గర ఆగాయి.

"వంద ప్రశ్నలు చేతిలో ఉన్న దొంగ ఇరవైరెండే ఎందుకు రాస్తాడు తన్మయీ?"

"తొందరలో ఉన్నాడేమో సార్."

"మూడుసార్లూ తొందరేనా? ఇంకోటి చూడు. తొమ్మిదో ప్రశ్న దగ్గర 'పటం' అని రాసి ఖాళీ వదిలేశారు. అసలు పేపర్లో అక్కడ ఏముందమ్మా?"

"నదుల పటం ఉంటది సార్. నేను చదివేటప్పుడు 'పేపర్లోని పటం చూడండి' అని చెప్త."

"అట్లనా," అని ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన్మయికి ఏమీ అర్థం కాలేదు, అర్థమైనట్టు మాత్రం తలూపింది.

*

మర్నాడు పొద్దున కోచింగ్ సెంటర్లో శ్రావణ్ నిలబడే మాట్లాడాడు. నాలుగు వేలమంది పిల్లల పరువు ఆయన నెత్తి మీద ఉందట.

"ఇంట్ల కూసోని చేసే పనంటే ఇట్లనే ఉంటది సార్. ఎవరు చూసేది? జాలిపడి ఇచ్చిన, నాదే బుద్ధి తక్కువ."

"ఆమె చదివి పంపింది ముందు ఎవరి చేతికి వస్తుంది?"

"శ్రీనాథ్‌కు."

శ్రీనాథ్ ఆ ఆడియోలను పిల్లల ఫోన్లకు ఎక్కించే కుర్రాడు. తన మీదికి వస్తుందని ముందే తెలిసి కస్సుమన్నాడు. "నాకు శుక్రవారం పొద్దుగూకినంక వంద ప్రశ్నలూ వస్తయ్ సార్. దొంగతనమే చేస్తే ముప్పైనాలుగు చేసి ఊకుంటనా? నాకేమన్న పిచ్చా?"

"కాదు బాబూ. బాగా చెప్పావు," అన్నాడు జగన్మోహన్ మనస్ఫూర్తిగా.

జిరాక్స్ షాపు ఎల్లేశం చెప్పింది ఒక్క ముక్కే. మొదటిసారి ఆ కాగితం ఎవరో ఆడమనిషి తెచ్చింది. గంటకు వందమంది వస్తారు, ముఖం ఎక్కడ గుర్తుంటుంది? తన్మయి మనసు చివుక్కుమంది. రాగిణి కూడా ఆడమనిషే కదా.

మధ్యాహ్నానికి ఇద్దరూ రాగిణి ఇంటికి చేరారు. మొదటి అంతస్తు. ముందు గదిలో కిటికీని ఆనుకుని మంచం. కిటికీ అవతల సందు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఉన్న ఆడపిల్లల హాస్టల్ కిటికీలోకి కూరగిన్నె అందివ్వొచ్చు. స్విచ్‌బోర్డు నుంచి ఒక ఛార్జర్ వైరు మంచం తలగడ దాకా పాకి ఉంది. లోపలి గదిలో గోడలకు దుప్పట్లు వేలాడుతున్నాయి. రాగిణి స్టూడియో అదే.

"దేంట్లో చదువుతావమ్మా?"

"నా పాత ఫోన్ల సార్. దాంట్ల సిమ్ము లేదు, కాల్స్ రావు. పొద్దున చదివి, లాప్‌టాప్‌లకు ఎక్కించుకొని, ఫోన్ ముందుగదిల ఆ అల్మారల పెడ్త. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తలుపేసుకొని, చెవులకు పెట్టుకొని, తప్పులు కోసేస్త."

అత్తగారు మాసమ్మ చాయ్ తెచ్చింది. ఈ ఫోను మీకు వాడడం వచ్చా అని జగన్మోహన్ అడిగితే, "నాకు ఫోన్లు గీన్లు తెల్వయి సారూ," అని కొంగు సర్దుకుంది.

నేల మీద తేజస్వి బొమ్మను ఒళ్ళో పండుకోబెట్టి జోకొడుతోంది. "కింది వాటిలో సరికానిది ఏది... ఊఁ... పండుకో... ఒకటి మరియు మూడు మాత్రమే..." అంటోంది. తన్మయి పకపకా నవ్వింది. వాళ్ళమ్మ దగ్గర బాగానే పట్టేసిందనుకుంది. జగన్మోహన్ నవ్వలేదు.

"నువ్వు చదివేటప్పుడు పాప గదిలో ఉంటుందా?"

"ఉండదు సార్. చప్పుడైతదని తలుపేస్త. అత్తమ్మ దగ్గరుంటది."

"నీ కోసం ఏడవదా?"

"మొదట్ల తలుపు కొట్టుకుంట ఏడ్చేది సార్. చెవులకు పెట్టుకున్నా ఇనపడేది. నెల రోజుల సంది ఏడుస్తలేదు." రాగిణి నవ్వబోయింది, చేతకాలేదు. "అలవాటైంది. ఇగ నాతోటి అంత పని లేదేమో దానికి."

మాసమ్మ ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మెట్లు దిగుతూ జగన్మోహన్ అన్నాడు. "చిన్నపిల్ల ఏడుపు మానేస్తే మనకు హాయిగా ఉంటుంది తన్మయీ. ఎందుకు మానేసిందని ఎవరమూ అడగం."

ఆయన ఆఫీసుకు పోలేదు. ఎదురు హాస్టల్ గేటు దగ్గర ఆగి, రాగిణి కిటికీకి ఎదురు గదిలో ఎవరుంటారని వార్డెన్‌ను అడిగాడు.

*

బుధవారం మధ్యాహ్నం రాగిణి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. శ్రావణ్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. శ్రీనాథ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మాసమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని గోడకానుకుంది. తలుపు పక్కన, ఎవరికీ తెలియని ఒక బక్కపలచని అమ్మాయి చేతిలో నోటుపుస్తకంతో కూర్చుంది.

"ఈ ప్రశ్నలు కాగితం చూసి రాసినవి కావు, విని రాసినవి," అని మొదలుపెట్టాడు జగన్మోహన్. "పేపరు చూసినవాడికి పటం కనపడుతుంది. విన్నవాడికి 'పటం చూడండి' అన్న మాటే వినపడుతుంది. కాబట్టి లీకైంది పేపరు కాదు, రాగిణి గొంతు."

"అంటే ఆమెదే తప్పు గదా," అన్నాడు శ్రావణ్.

"జర ఆగండి. శ్రీనాథ్ దగ్గర వంద ప్రశ్నలూ ఉంటాయి. రాగిణి దగ్గరా వంద ఉంటాయి. కానీ ఈ గొంతు ఓసారి ముప్పైనాలుగు దగ్గర, ఓసారి ఇరవైరెండు దగ్గర ఆగింది. పాపకు జ్వరమొచ్చి తల్లి పక్కన పడుకున్న వారం అసలు వినపడనే లేదు. మధ్యాహ్నం పూట, తల్లి తలుపు వెనకాల ఉన్నప్పుడు మాత్రమే పలికి, ఎప్పుడంటే అప్పుడు ఆగిపోయే గొంతు ఇది. దాన్ని ఆపుతున్నది ఏమిటి?"

ఆయన మంచం వైపు వేలు చూపించాడు.

"నిద్ర. పాప నిద్రపోగానే ఎవరో ఫోన్ ఆపేస్తున్నారు. ఆ పాప తన బొమ్మను దేనితో జోకొడుతుందో నిన్న మేము విన్నాం. తల్లి చదువుతుంటే అది ఎన్నడూ పక్కన లేదు. మరి ఎక్కడ నేర్చింది? మాసమ్మగారూ, తలగడ దాకా వైరు ఎందుకు గుంజారు?"

మాసమ్మ తల వంచుకుంది.

"తలుపుకు తల కొట్టుకొని ఏడుస్తుండె సారూ. నాకు సూడబుద్ధి కాలే. ఒకనాడు ఊకె ఆ ఫోన్ ఒత్తిన, వాళ్ళమ్మ మాట ఇనపడ్డది. పొల్ల టక్కున ఊకుంది. ఫోన్‌ను బుగ్గకు పెట్టుకొని పండుకుంది. గప్పటి సంది రోజు గంతే."

"అత్తమ్మా! నాకెందుకు చెప్పలే?" అంది రాగిణి.

"చెప్తే నువ్వు పని ఇడిశిపెడ్తవు. నాకు తెల్వదా నీ సంగతి? పుస్తకాలు అటక మీదికి ఎక్కించిననాడు నువ్వు బాత్రూంల ఏడ్చింది నాకు ఇనపడలేదనుకున్నవా? మల్ల గట్ల చెయ్యొద్దనే చెప్పలే."

రాగిణి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తలుపు అవతల తన బిడ్డ తన కోసం తపిస్తూ తన గొంతునే పట్టుకుని నిద్రపోయింది. తానేమో బిడ్డ తనను మరిచిపోతోందని తలుపు ఇవతల దిగులుపడింది. తన్మయి కళ్ళు తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

"ఆ కిటికీలోంచే గొంతు సందు దాటింది," అన్నాడు జగన్మోహన్. "ఈ అమ్మాయి పేరు రోజా. ఎదురు గదిలో ఉంటుంది. నిన్న నేనడిగితే దాచలేదు."

రోజా లేచి నిలబడింది. "నాది జనగామ దిక్కు ఊరు సార్. కోచింగ్ ఫీజు కట్టే తాహత్ లేదు. మొదటి వారం ఎవరో అక్క పాపను పండబెట్టుకుంట పరీక్షకు చదువుతుందనుకున్న. చంటిపిల్లతోటి ఆమె చదవంగ లేంది నేను చదవలేనా అని దినాం కిటికీ కాడ కూసొని రాసుకున్న. హాస్టల్ దోస్తుల కోసం జిరాక్స్ తీయిచ్చిన, అది షాపుల నుంచి అందరికీ పాకింది. పరీక్షల అవే వచ్చినయని ఆదివారం తెలిసింది." ఆమె నోటుపుస్తకం తెరిచి చూపించింది. "తర్వాత రెండుసార్లు తెలిసే రాసిన. తెలిసే పంచిన. తప్పు నాదే. అక్క పని పోతదని తెల్వదు సార్. తెలిస్తే రాయకపోదును."

శ్రావణ్ ఏదో గట్టిగా అనబోయి, ఆ అమ్మాయి నోటుపుస్తకం చూసి తగ్గాడు. పేజీలన్నీ నిండిపోయి, అట్ట లోపలి వైపు కూడా రాసుకుంది. "ఇగ ముందు పంచకు," అన్నాడు చివరికి. రాగిణి వైపు తిరిగి, "నిన్ను అనుమానించిన, నాదే తప్పు. రేపు పొద్దున పేపర్ పంపిస్త. ఎప్పటిలెక్కనే చెయ్యి," అన్నాడు.

రెండేళ్ళు దేవులాడి తెచ్చుకున్న పని తిరిగి చేతిలో పడింది. తన్మయి ఊపిరి పీల్చుకుంది. కానీ రాగిణి వెంటనే తలూపలేదు.

"ఎప్పటిలెక్క చెయ్య సార్," అంది. "రెండు నుంచి నాలుగు దాకా ఇగ చెయ్య. పాప పండుకునే యాళ్ళ అది. తెల్లారుజామున, రాత్రి పాప పండుకున్నంక చేస్త. శుక్రవారం రాత్రి దాకా ఆగుతనంటే చెప్పండి. లేకుంటే వేరేవాళ్ళను చూసుకోండి."

ఆ మాట అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో గదిలో మాసమ్మకే బాగా తెలుసు. శ్రావణ్ శ్రీనాథ్ వంక చూశాడు. రాత్రికి వచ్చినా శనివారం పొద్దున ఎక్కిస్తానన్నాడు శ్రీనాథ్. శ్రావణ్ సరేనన్నాడు.

అప్పటికి రెండు దాటింది. తేజస్వి కళ్ళు నులుముకుంటూ అల్మారా వైపు చెయ్యి చాచింది. రాగిణి పాపను ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టి, పక్కనే ఒరిగింది.

"నేనున్న గద బిడ్డా. పండుకో."

పాప తల్లి ముఖంలోకి అయోమయంగా చూసింది. "నువ్వు గాదు. ఫోన్ల అమ్మ గావాలె," అని పెదవి విరిచి, వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

మాసమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. రాగిణి పాపను గుండెకు అదుముకుని వీపు నిమురుతూ ఉంది. తన్నినా గీరినా వదల్లేదు. జగన్మోహన్ చప్పుడు చేయకుండా చెప్పులు తొడుక్కున్నాడు, మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఆయన వెనకాల మెట్లు దిగారు. కిందికి వచ్చి సందులో నిలబడినా పాప ఏడుపు వినపడుతూనే ఉంది. అది ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగేదాకా ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు.