సవతి పళ్ళ సందున ఎర్ర పోగులు

ఆ ఉదయం ఆకాశం ఉరుముతూనే ఉంది గాని చినుకు రాల్చలేదు. కారుమబ్బులు సూర్యుణ్ణి మింగేశాయి! పట్టపగలే గుడ్లగూబ కూసింది...

చిరిగిన బట్టలకు రఫ్ఫు పనిచేసే ఆవిడ అవేవీ పట్టించుకోలేదు. భర్త మొదటి పెళ్ళాం ఎవడితోనో లేచిపోయిందని నాలుగేళ్ళుగా ఊరంతా అనుకుంటోంది. అయినా తలుపు చప్పుడైతే చాలు, అతని మొహం వెలిగేది. వచ్చింది ఈవిడని చూసి ఆరిపోయేది. లేనిదాని మీద కుళ్ళి కుళ్ళి, చివరికి మాంత్రికుడి గడప తొక్కింది.

ఆ ఇంటి పెరట్లో కొత్తగా తవ్విన గొయ్యి. పక్కనే ప్రజ్వలిస్తున్న హోమగుండం. రక్తవర్ణపు శాలువా కప్పుకున్న మాంత్రికుడు మట్టి రాలుతున్న కపాలాన్ని పైకెత్తాడు.

“నీ సవతి! మంత్రదృష్టితో కనుక్కున్నాను. ఏ మిండడు చంపి పూడ్చాడో! దీన్ని పొడి చేసి హోమంలో వేస్తే నీ మొగుడికి పట్టిన పీడ విరగడ.”

అది చచ్చిందన్నమాట! ముందు ఆమెకు సంతోషమే కలిగింది. కపాలాన్ని చేతిలోకి తీసుకుంది. సవతి ఒంటిమీది నూలు చీరను మట్టి ఎప్పుడో తినేసింది, పీలిక కూడా మిగల్లేదు. కానీ బిగిసిన పళ్ళ సందున, బంకమట్టిలో, నాలుగు ఎర్ర పోగులు... రంగైనా వెలవలేదు! నైలాన్‌ని మట్టి తినదు.

“ఇవి నీ శాలువావి!”

“ఎర్రదారం లోకంలో నా ఒక్కడికేనా?”

“సరిగ్గా ఇలాంటి మెలిక దారం కోసం మూడు కొట్లు తిరిగానయ్యా! చిరిగిన ఆ చెంగు నాలుగేళ్ళ కిందట రఫ్ఫు చేసింది నేనే. కుక్క కరిచిందన్నావు గదరా!”

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. “అయితే వెళ్ళి చెప్పు! లేచిపోయిందనే గదా, నీ మొగుడు ఆమాత్రమైనా నిన్ను ఏలుకుంటున్నాడు. నిజం తెలిసిందా, నువ్వు కూరలో కరివేపాకువే!”

ఆ మాట ఈటెలా దిగింది. నిజమే... ఈ పోగుల్ని మంటలో పడేస్తే? చిటికెలో కరిగిపోతాయి! లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. నాలుగేళ్ళు మట్టిలో ఉన్నా ఆ పళ్ళు పట్టు వదల్లేదు!

“ఎంత పెనుగులాడావే... అక్కా!”

ఇన్నాళ్ళూ ‘అది’ అనడమే గాని, అక్కా అని పిలవడం అదే మొదలు.

ఫెళఫెళమని పిడుగు! “ఇలా తే!” అంటూ మాంత్రికుడు మీదికి దూకాడు. అంతే... రఫ్ఫు చేసిన చెంగు తనంతట తానే లేచి అతని కంఠానికి చుట్టుకుంది! గోతిలోంచి ఎవరో లాగుతున్నట్టు బిగిసింది!

“వదులూ... వదలవే!”

భయంకరమైన ఆర్తనాదం... అతణ్ణి మింగి గొయ్యి పూడుకుపోయింది.

ఆమె ఇంటికి వచ్చి, కొంగులో కట్టి తెచ్చిన కపాలాన్ని భర్త చేతుల్లో పెట్టింది.

“అక్క లేచిపోలేదండీ. చంపేశారు.”

అన్నం చల్లారేదాకా అతడు ఏడ్చాడు. ఒక్కసారైనా ఈమె వంక చూడలేదు. ఆమె కంచాలు పెట్టి, వడ్డించి, ఎదురుగా కూర్చుంది. తను పోతే ఇలా ఏడుస్తాడా అనుకుంటూ ముద్ద మింగింది. ఇద్దరూ ఆ చల్లారిన అన్నమే తిన్నారు.