ఉప్పు కొఠారులో గొరక తల

మైపాడుకు దక్షిణంగా, కాలువకూ సముద్రానికీ నడుమ ఉండే ఉప్పు కొఠారు పేరెత్తితే ఆ పక్క జనం ఇప్పటికీ మాట మారుస్తారు. తెల్లదొరల కాలంలో ఉప్పు నిలవ చేసిన కొట్టు అది. మందపాటి ఇటుక గోడలు, ఒకటే తలుపు. కిటికీ లేదు. గాలికని పైన పిడికిలి పట్టేంత కంతలు నాలుగు.

ఉప్పు దొంగిలించాడని ఎవడినో అందులోకి తోసి, గొలుసు పెట్టి, మరిచిపోయారట. మూడో రోజు తలుపు తీస్తే వాడు గోడకు నాలుక ఆనించి చచ్చిపడి ఉన్నాడట. అప్పటినుంచీ రాత్రిళ్లు లోపల ఎవరో నాకుతున్న చప్పుడు...

ఉందో లేదో నాకు తెలియదు. నేను విన్న కథ మాత్రం ఆ దెయ్యం కంటే రోతపుట్టించేవాడిది. తలుచుకుంటే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

పందొమ్మిది వందల అరవై ఒకటో, అరవై రెండో. అంతకు రెండేళ్ల ముందు తుపానులో పట్టపుపాళెం జాలర్ల పడవ ఒకటి పోయింది. నలుగురు పోతే ముగ్గురి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నాలుగోవాడు చిన్నపోలయ్య రాలేదు. అతని పెళ్లాం పేరమ్మ తాళి తియ్యలేదు, గాజులు పగలగొట్టుకోలేదు. బతికున్నాడేమో! ఏ ఓడవాళ్లో ఎక్కించుకుని ఏ దేశంలోనో దించారేమో! కులపెద్దలు రెండేళ్లు ఊరుకుని, ఇక కర్మ చేసెయ్యాలన్నారు. బతికున్న మగడికి తన చేతులతో పిండం పెట్టించిన పాపం తగులుతుందేమోనని పేరమ్మకు నిద్ర పట్టేది కాదు. ఉన్నాడా, పోయాడా? ఆమెకు కావలసింది ఆ ఒక్క మాట.

సరిగ్గా అప్పుడు కాలువ పడవ దిగాడు పద్మనాభస్వామి. కావిగుడ్డ, విభూతి, నెమ్మదైన గొంతు. పోయినవాళ్లతో మాట్లాడిస్తానన్నాడు.

వాడి విద్య మాట్లాడటంలో లేదు, ఆగడంలో ఉంది. “నీళ్లు... చాలా నీళ్లు...” అని కళ్లు మూసుకునేవాడు. అంతే. మిగతాది పేరమ్మే చెప్పేది.

“అవును సామీ, తుపాను.”

“ఒంటిమీద ఏదో గుర్తు...”

వల లాగి బతికే పట్టపోడు గుర్తు లేకుండా ఎవడుంటాడు! “ఎడమ చెయ్యి సామీ. తాడు ఒరుసుకొని కాయ కాసినాది” అని ఆమే అందించేది. మగడు తనను ‘పేరా’ అని పిలుస్తాడని చెప్పింది. గొరక చేప పులుసంటే ప్రాణమని చెప్పింది. నాలుగు రోజులాగి అవే మాటలు వాడు తిరిగి అప్పజెబితే, చేతులు జోడించి ఏడ్చింది. దుఃఖంలో ఉన్నవాళ్లకు తాము చెప్పింది గుర్తుండదు, విన్నదే గుర్తుంటుంది. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే జాతి.

ఒక్క ముచ్చట మాత్రం ఆమె సిగ్గుపడి చెప్పలేదు. గొరక తలలో రెండు తెల్లరాళ్లుంటాయి. చిన్నపోలయ్య తలను చీల్చి, జుర్రి, ఆ రాళ్లు రెండూ తుడిచి ఆకు అంచున పక్కపక్కన పెట్టేవాడు. “ఇవే, నీ ముత్తేలు” అనేవాడు. ఆలుమగల మధ్య మాట అది. స్వామికెందుకు?

అమావాస్య రాత్రి ముహూర్తం పెట్టాడు.

“కొఠారులోకి వచ్చేది మీ ఆయన ఒక్కడే తల్లీ. నేను సముద్రం ఒడ్డున జపంలో ఉంటాను. దీపం వద్దు. గడప దాటొద్దు. అతనికి ఇష్టమైంది వండి, ఆకులో వడ్డించి గడప లోపలికి జరుపు.”

పేరమ్మ అన్న ఆదెయ్యకు ఇదంతా నచ్చలేదు. అయినా చెల్లెలి మొహం చూసి ఊరుకున్నాడు. కాలువగట్టు మీద లాంతరు పట్టుకుని కూర్చున్నాడు.

కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. దూరంగా ఒడ్డున చిన్న మంట, దాని పక్కన కావిగుడ్డ కప్పుకున్న ఆకారం... స్వామి అక్కడే ఉన్నాడు. పేరమ్మ ఆకు వేసింది. అన్నం, నిండు తలతో గొరక పులుసు. ఆకునూ పులుసు చట్టినీ గడప లోపలికి తోసి, బయట కూర్చుంది.

చాలాసేపు ఏమీ లేదు. అలల హోరు మాత్రం.

తర్వాత... లోపల మెతుకులు కలుపుతున్న చప్పుడు.



“పేరా...” బొంగురు గొంతు, గుసగుసగా. “నేనే...”

“ఉండావా?” అంది పేరమ్మ. “బతికుండావా, లేదా? ఆ మాట చెప్పు చాలు.”

“లేను... నీళ్లలో పోయినా...”

రెండేళ్లుగా బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా జారిపోయింది. తలుపుచెక్కకు నుదురు ఆనించి ఏడ్చింది. లోపల తింటున్న చప్పుడు ఆగలేదు. ఏడుపు విని కూడా ఆగలేదు!

“నీ మెళ్లో తాళి... అదే నన్ను కట్టేసినాది పేరా... పోనీయకుండా ఉండాది. తీసి ఆకులో పెట్టు... పోతా...”

బంగారు బొట్టు అది. ఇంట్లో మరో బంగారం లేదు. ఆమెకది తోచలేదు. మగడి ఆత్మ అల్లాడుతోందన్నదే తోచింది. ముడి విప్పింది. తాళి ఎడమచేత పట్టుకుని, కుడిచెయ్యి చీకట్లోకి చాచి ఆకు కోసం తడిమింది. అన్నం లేదు. ముళ్లు తగిలాయి. తర్వాత వేళ్లకు చల్లగా, జిగటగా... చేప తల.

నిండు తల. ముట్టనైనా లేదు.

పేరమ్మ చెయ్యి అక్కడే ఆగింది. కండంతా తిని తల వదిలేసిన పట్టపోడు ఈ సముద్రం ఒడ్డున పుట్టాడా? తల తినడం రానిది మెట్ట ఊళ్లవాళ్లకే.

“తల తినలేదేం?” అని అడిగింది మెల్లగా.



“...కడుపు నిండింది పేరా.”

“అన్నా!” అని ఆమె వేసిన కేక కాలువ అవతలికి వినిపించిందట.

ఆదెయ్య లాంతరుతో పరుగెత్తుకొచ్చాడు. కొఠారులో గోడవారన గోచీతో నక్కి ఉన్నాడు పద్మనాభస్వామి. మూతి చుట్టూ పులుసు. మీసానికి మెతుకు. ఒడ్డున మంట పక్కన ఉన్నది కర్రకు కప్పిన కావిగుడ్డ.

వాడు సిగ్గుపడలేదు. లేచి చెయ్యి తుడుచుకున్నాడు.

“నేను చెప్పిందేముంది తల్లీ? అన్నీ నువ్వు చెప్పినవే గదా. ఏడ్చుకున్నావు, బరువు దిగింది. దానికి తృణమో పణమో ఇస్తే తప్పా?” అని, ఆ మాట తానే నమ్మినట్టు నవ్వి, తేన్చాడు.

తన మగడి పేరున వండిన కూడు ఆ తేన్పులో వాసన కొట్టింది. పేరమ్మ పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లను చూశాం గానీ, శవం దొరకని ఇంట్లో కూడా ఏరుకునేవాణ్ణి ఏమనాలి? తూ!

ఆదెయ్య వాణ్ణి మెడబట్టి బయటికీడ్చి, నాలుగు తగిలించి, కాలువలోకి నెట్టాడు. ఈదుకుంటూ పోయాడు. మళ్లీ ఆ పక్కల కనిపించలేదు.

“పాడు చోటు, పోదాం పదమ్మా” అంటూ తలుపు మూసి గొలుసు పెట్టాడు. దానిమీద వలతాడుతో తనకే తెలిసిన ముడి వేశాడు.

పేరమ్మ తాళి మళ్లీ మెడలో కట్టుకుంది. ఇప్పుడు ఉన్నాడో పోయాడో ముందుకన్నా తెలియకుండా పోయింది. వాడు దోచింది అదీ.

తెల్లారాక పులుసు చట్టి లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చింది. అన్నాచెల్లెళ్లిద్దరూ వెళ్లారు. ఆదెయ్య తన ముడి తానే విప్పాడు. వేసిన ముడి వేసినట్టే ఉంది. తలుపు తోశాడు.

ఆకు శుభ్రంగా ఉంది. మెతుకు లేదు, పులుసు మరక లేదు. తల లేదు. పుర్రె ఎముకలు జుర్రేసి ఒక పక్కన పోగుపెట్టి ఉన్నాయి.

“ఎలుకలేమో” అన్నాడు ఆదెయ్య.

పేరమ్మ వంగి చూసింది. ఆకు అంచున రెండు తెల్లరాళ్లు, తుడిచి, పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

ఆమె వాటిని కొంగున ముడేసుకుంది. చట్టి సంగతి మరిచిపోయి, నేరుగా సముద్రం దగ్గరికి నడిచింది. మోకాటి లోతు నీళ్లలో నిలబడి, ఈసారి ఎవరూ అడగకుండానే తాళి తీసింది.