తిరిగి కొట్టిన తలుపు

మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీకి మంచి పేరు లేదు. అందులో ఐసు దాచే చీకటి గదికి ఒక ఇనప తలుపుంది. దాన్ని బయటనుంచి కొడితే... లోపలనుంచి ఎవరో తిరిగి కొడతారట. పొద్దుగూకితే కుక్కలు కూడా అటు పోవని మా వీధిలో మాట.

"దెయ్యమా, నా మొహమా!" అన్నాడు మా కింద వాటాలో ఉండే సంగీతం ఆయన. ఎదురుగా ఎవరూ అనరు గానీ, వీధి మొత్తానికీ ఆయన పేరు దరువు. తర్వాత జరిగింది ఆయన అత్తగారే నాకు చెప్పింది, మేడ మీద బట్టలు ఆరేస్తూ.

దరువుకి డోలూ అక్కర్లేదు, వాయించేవాడూ అక్కర్లేదు. ఏదో ఒక చప్పుడు రికార్డు చేసి కంప్యూటర్లో పడేస్తాడు. అందులో డిలే అని ఒక ప్లగిన్ ఉంది. ఒక్క చప్పుడిస్తే చాలు, దాన్నే కాస్త ఆలస్యంగా, తగ్గిస్తూ తగ్గిస్తూ మళ్ళీ మళ్ళీ పలికిస్తుంది. టక్... టక్... టక్. ఆ ఆలస్యాన్ని పెంచీ తగ్గించీ తాళం కట్టేస్తాడు. తలుపు కీచుమంటే పాట. గిన్నె జారితే పాట. చివరికి అత్తగారి దగ్గుని కూడా ఏదో సబ్బు ప్రకటనకి వాడేశాడు, మహానుభావుడు!

"నా చెవిని తప్పించుకునే చప్పుడు లేదు," అంటాడు. ఇంట్లో పిలిస్తే మాత్రం పలకడు.

ఆ సాయంత్రం ఇనప తలుపు చప్పుడు కోసం ఒక్కడే పోయాడు. మైకు పెట్టాడు. పానాతో రెండు దెబ్బలు కొట్టాడు. లోపలనుంచి చప్పుడు తిరిగొచ్చింది. భయపడ్డాడా? అబ్బే. ఖాళీ గది కదా, ప్రతిధ్వని అనుకున్నాడు. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

అన్నాలయ్యాక గదిలో దూరి డిలే పెట్టాడు. తాళం కుదరలేదు. ఆలస్యం మార్చాడు... అయినా కుదరలేదు. మధ్యలో ఏవో దెబ్బలు అడ్డం పడుతున్నాయి. విసుగొచ్చి డిలే తీసేసి, ఒట్టి రికార్డింగు విన్నాడు.

టక్. టక్. — ఇవి తను కొట్టినవి.

నిశ్శబ్దం...

టక్ టక్ టక్ టక్ టక్!

రెండు కొడితే ఐదు తిరిగిచ్చే ప్రతిధ్వని ఎక్కడుంది? పైగా తగ్గడం లేదు. తొందరపడుతోంది... గట్టిపడుతోంది.

హెడ్‌ఫోన్లు విసిరేశాడు. "అత్తయ్యా!" అన్న కేక పై వాటాలో ఉన్న నాక్కూడా వినిపించింది.

ఆవిడ వెళ్ళేసరికి అంత మీసాల మనిషీ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఉంది అత్తయ్యా... నిజంగానే ఉంది..."

ఆవిడ హెడ్‌ఫోన్లు చెవిన పెట్టుకుంది. ఒకసారి వింది. మళ్ళీ వింది. మొహం మారిపోయింది.

"అల్లుడుగారూ," అంది గొంతు తగ్గించి, "దెయ్యానికి తలుపు అడ్డమా? తియ్యమని కొట్టేది మనిషి."

"మనిషా..."

"టార్చి పట్టుకోండి. ముందు మంచం దిగండి."

ఫ్యాక్టరీలో చిమ్మచీకటి. ఇనప తలుపుకి బయట గడియ పడి ఉంది. దరువు టార్చి పట్టుకుని వెనకే నిలబడితే ఆవిడే గడియ లేపింది. ఇద్దరూ కలిసి లాగారు. గుప్పున తుప్పు వాసన... టార్చి వెలుగులో రెండు కళ్ళు.

దరువు వెనక్కి దూకాడు. ఆవిడ ముందుకెళ్ళింది.

పాత ఇనుము ఏరుకునే ముసలాయన. నేల మీద కూలబడి ఉన్నాడు. ఆవిడ నీళ్ళు తాగిస్తే కాసేపటికి గొంతు పెగిలింది.

"నిన్న లోపలికొచ్చానమ్మా... తలుపు మూసుకుని బయట గడియ పడిపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఇవాళ ఎవరో వచ్చి కొట్టారు. బతికాననుకున్నా. రాయి తీసుకుని నేనూ కొట్టా..."

"మరి?" అంది ఆవిడ.

"బయట ఎవడో 'ఆహా, ఏం పలుకుతోందిరా!' అని మెచ్చుకుని... వెళ్ళిపోయాడమ్మా."

ఆవిడ వెనక్కి తిరిగింది.

టార్చి ఆరిపోయింది. దెయ్యం పని కాదు — అల్లుడే ఆర్పేశాడు.