ముప్పై రెండో బిందె

మార్కాపురంలో, ఊరి చివర, పాత పలకల గనుల వెనకాల ఒక కాలనీ ఉంది. కాగితాల మీద దాని పేరు వేరు. ఊళ్లో అందరూ గుంతల కాలనీ అంటారు. ఊరంతటిలోకీ అద్దెలు తక్కువ. చీకటి పడ్డాక ఆటోవాళ్లు మలుపు దగ్గరే దించేస్తారు... లోపలికి రమ్మంటే బండి ట్రబులిస్తోందంటారు.

బస్టాండు దగ్గర నాదొక జిరాక్స్ షాపు. అద్దె అగ్రిమెంట్లు కూడా టైపు చేస్తాను. దెయ్యాల్ని నేను నమ్మను. మంచి ఇల్లు మరీ చౌకగా వస్తుందంటే మాత్రం కాస్త భయపడతాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు స్టెల్లా చెప్పింది — అగ్రిమెంటు కోసం వచ్చి, ప్రింటు బయటికి వచ్చేలోగా, నవ్వుతూనే చెప్పింది.

స్టెల్లా వాళ్లది పుల్లలచెరువు అవతల చిన్న పల్లె. భర్త పాల్ రాజు తాపీమేస్త్రి. పాప సుప్రియకు తొమ్మిదేళ్లు, బాబు ఏబేలుకు ఏడాదిన్నర. ఊళ్లో ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి సుప్రియ పళ్లు అప్పుడే గార పట్టాయి. ఏబేలుకు ఇంకా పళ్లన్నీ రాలేదు. వాడి పళ్లన్నా తెల్లగా ఉండాలి, పాప మంచి బడికి పోవాలి... ఆ రెండింటి కోసమే పట్నం చేరదామనుకున్నారు.

మూడు ఇళ్లు చూశారు. ఒకటి బడికి దూరం. ఒకటి బస్టాండు దగ్గర, అద్దె తాకితే కాలేలా ఉంది. మూడోది గుంతల కాలనీలో. రెండు గదులు, పిల్లలు ఆడుకోవడానికి వరండా, బడికి నడిచిపోవచ్చు. పాల్ రాజు అప్పుడే అడ్వాన్సు ఇచ్చేద్దామన్నాడు. స్టెల్లా ఒప్పుకోలేదు.

"పిల్లనిచ్చేదానికి ఏడు తరాలు చూస్తాం. పిల్లోళ్లను పెట్టే ఇంటిని ఒక రాత్రన్నా చూడొద్దా?" అంది.

అలా నలుగురూ ఒకరోజు చీకటి పడే వేళకు మళ్లీ వెళ్లారు.

ఆ కాలనీలో కుళాయిలు లేవు. రాత్రి ఎనిమిది దాటాక ట్యాంకర్ వస్తుంది. ఆరింటి నుంచే రోడ్డు పక్కన బిందెలు వరసగా పెట్టి ఎవరిళ్లలోకి వాళ్లు పోతారు. మా వైపు బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే. జరిపితే తలకాయలు పగులుతాయి. "నా బిందె చూస్తా ఉండక్కా" అని వెనకనున్న మనిషికి చెప్పడం, ఆ మనిషి "సరే" అనడం — నీళ్ల కరువున్న వీధుల్లో పిల్లలు కూడా పాలతోపాటే నేర్చుకునే మర్యాద ఇది.

పాల్ రాజు ఏబేలును చంకనెత్తుకుని ఇంటి గోడలు తట్టి చూస్తున్నాడు. స్టెల్లా పక్కింటి ముసలామె నాగులమ్మ అరుగు మీద కూర్చుంది. కూర్చుంటూ పాపను పంపింది.

"వరసలో ఎన్ని బిందెలుండాయో లెక్కబెట్టి రా పాపా. ఈడ చేరితే మన వంతు ఎప్పటికి వస్తాదో తెలుస్తాది."

సుప్రియ వీధి చివరికి పోయింది. అంతలో కరెంటు పోయింది...

"పాపను ఎందుకు పంపినావమ్మా?" నాగులమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఏం, ఏమైతాది?"

నాగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడేండ్ల కింద, ఎండాకాలం... ఒకామె ఇట్లనే బిందె పెట్టింది. చంటిబిడ్డ తల్లి. 'బిడ్డకు పాలిచ్చి వస్తా, చూస్తా ఉండండక్కా' అనింది. సరే అన్నాం. ట్యాంకర్ వచ్చినాక ఎవురికి ఎవురు? ఆమె బిందె పక్కకు జరిపేసినాం. ఆమె వచ్చేతలికి పైపులో చుక్క లేదు. బిందె ఎత్తుకొని, నీళ్లు నిలిచిన ఆ పలకల గుంతలోకి దిగింది..."

"మళ్లా?"

"ముందు బిందె తేలింది. రెండో నాడు ఆమె తేలింది. పాలు లేక బిడ్డ నెల తిరక్కుండా పోయినాడు. జరిపినోళ్లలో నేనూ ఉండా తల్లీ."

ముసలామె ఏడుస్తోందని చీకట్లో కూడా తెలుస్తోంది.

"అప్పట్నుంచి చీకట్లో ఎవురో అడుగుతారు... బిందె చూడమని. మేం పలకం. సరే అంటే ఆమెకు చోటిచ్చినట్టే. చోటిచ్చినోళ్లను ఆమె ఇడవదు."

స్టెల్లా లేచి నిలబడింది. దెయ్యాలు లేవని పాస్టరుగారు చెప్పినప్పుడల్లా ఆమెన్ అన్న మనిషే. అయినా వీధి చివరి వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"సుప్రియా..."

అరుగు దిగి రెండడుగులు ముందుకు వేసింది.

"సుప్రియా..."

దూరంగా చిన్న చెప్పుల చప్పుడు... దగ్గరకొచ్చింది. పాప ఒక్కతే వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. పాప చెయ్యి చల్లగా ఉంది.

"ముప్పై ఒకటమ్మా. కాదు... ముప్పై రెండు. ఇప్పుడే ఒకామె వచ్చి పెట్టింది."

"నిన్నేమన్నా అడిగిందా?"

"బిందె చూస్తా ఉండమనింది."

"నువ్వేమన్నావు?"

అమ్మ గొంతు ఎందుకట్లా అయిపోయిందో పాపకు అర్థం కాలేదు. పెద్దవాళ్లు అడిగితే ఏమనాలో నేర్పింది అమ్మే కదా.

"సరే అన్నా."

స్టెల్లా ఫోను లైటు వేసుకుని వరస పొడవునా నడిచింది. ఒక్కో బిందెనూ చేత్తో ముట్టుకుంటూ లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. దాని తర్వాత ఉత్త నేల. ఆ నేల మీద, బిందె అడుగంత, గుండ్రంగా తడి... ట్యాంకర్ ఇంకా రానే లేదు.

"పిల్లోళ్లను తీసుకొని పో తల్లీ. మళ్లా రావాకు," అంది నాగులమ్మ.

తెల్లారే బస్టాండు దగ్గరి ఇల్లు ఖాయం చేసుకున్నారు. సుందరరాజు గారి ఇంటి వెనక భాగం. అంత అద్దె కట్టడానికి పాల్ రాజు ఆదివారం మధ్యాహ్నాలు కూడా పనికి పోతానన్నాడు. కుళాయి కాంపౌండులోనే ఉంది. ఎవరి బిందె ఎవరూ కాయనక్కర్లేదు.

"వరసే లేని చోట ఆమెకేం పనిలే అన్నా," అని నవ్వింది స్టెల్లా. నిజమేనమ్మా అన్నాను. ఇంత కథ విన్నాక నాకూ ఆ మాట ధైర్యంగానే అనిపించింది.

ఇది జరిగి నెల.

నిన్న సుందరరాజు నా షాపుకు వచ్చాడు. ఆ అగ్రిమెంటు తీసి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని మార్చాలప్పా."

మా ఊళ్లో ఓనర్లు ముందు అడిగేది ఇంట్లో ఎంతమంది అనే. నీళ్ల భయం అలాంటిది. ఈ కాగితంలో నలుగురు అని టైపు చేసింది నేనే.

"ఐదుగురుండారు. మంచోళ్లే, నాకేం కోపం లేదు. ఒక మాట చెప్పింటే పోయేది కదా."

"ఐదో మనిషి ఎవరు?"

"ఎవురో చుట్టాలామె. పగలు కనపడదు. నీళ్లు మాత్రం శానా వాడతాది, ఎప్పుడు చూసినా చీర తడిసే ఉంటాది. రాత్రి అందురూ పండుకున్నాక ఏబేలును ఎత్తుకొని వరండాలో కూర్చుంటాది. మొదట్లో స్టెల్లానే అనుకున్నా. లోపల స్టెల్లా దగ్గుతా ఉండె..."

కీబోర్డు మీద నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ పిల్లోడికి ఇంకా పాలు మాన్పించినట్టు లేదు," అన్నాడు సుందరరాజు. "రోజూ ఆమే ఇస్తా ఉంటాది."