నల్ల ఇసుక పరిచిన ఇల్లు

"శ్రీకూర్మం దగ్గర సముద్రం ఒడ్డున ఒక రంగుల ఫ్యాక్టరీ ఉంది. దాన్ని నడిపే విదేశీయుడు మార్టెన్స్ నల్ల ఇసుకలోంచి అణుశక్తికి పనికొచ్చే ఖనిజం తీసి దొంగతనంగా దేశం దాటిస్తున్నాడు. సరుకుతో సహా పట్టుకో. అందాకా ఎవరికీ అనుమానం రాకూడదు."

చీఫ్ బ్రీఫింగ్ అంతే. అది 1968 వేసవి. ఏజెంట్ నరసింగరావు మట్టి పరీక్షల ఆఫీసరు వేషంలో ఫ్యాక్టరీ ముందు దిగాడు. భుజాన వేలాడే ట్రాన్సిస్టర్ పాటలు పాడదు. అందులో ఉన్నది గైగర్ కౌంటర్. విషకిరణాలు తగిలితే టిక్కుటిక్కుమంటుంది.

గేటు దగ్గర పట్టుచీర, నల్లకళ్ళద్దాల అందగత్తె ఎదురొచ్చింది.

"తాబేలు ఎండకి వచ్చిందా?"

"నీడ వెతుక్కుంటోంది," అన్నాడు.

కోడ్ సరిపోయింది. ఆమె కన్యాకుమారి. మార్టెన్స్‌కి నమ్మకమైన సెక్రటరీ. నిజానికి ఢిల్లీ మనిషి.

"సాయంత్రం లాంచీ వస్తుంది. అందాకా మట్టి తవ్వుకుంటూ ఉండండి," అంది.

గోడ వెనక చెత్త ఇసుక గుట్ట దగ్గర కౌంటర్ గట్టిగానే మోగింది. పక్క పేటలో అసిరమ్మ ఇంట్లో అడుగు పెట్టేసరికి ఇక ఆగలేదు.

"ఏటి బాబూ, నీ రేడియో అలా కొట్టుకుంటన్నాది?"

"నేలకి ఏం పరిచారమ్మా?"

"ఫేట్రీ ఇసకే. ఊరికే తోలుకెల్లమన్నారు. సల్లగుంటాదని పరిసినాం."

మంచం మీద ఆమె మొగుడు అప్పలసూరి మూలుగుతున్నాడు. ఏళ్ళ తరబడి ఆ ఇసుక జల్లించినవాడు. ఎముకల్లో పోటు. డాక్టరు వాతమన్నాడట.

నరసింగరావు బయటికొచ్చాడు. కన్యాకుమారి అడ్డం నిలబడింది.

"చెప్పకండి. వీళ్ళు ఇల్లు ఖాళీ చేస్తే మార్టెన్స్ జారుకుంటాడు."

"మీకెప్పట్నుంచి తెలుసు?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏడాదిగా. నోరు విప్పొద్దని ఆర్డర్స్."

అతను మళ్ళీ లోపలికి వెళ్ళాడు. "అమ్మా, ఇక్కడ ఉండకండి. ఈ ఇసుక విషం."

అసిరమ్మ నేలకేసి చూసింది. "మా గున్నమ్మ ఇందులోనే ఆడుకునీది."

"పాప ఏదీ?"

"పోయినేడు పోయింది బాబూ."

అప్పలసూరిని బయటికి చేర్చడానికి అతను మంచానికి ఒక కొస పట్టుకున్నాడు.

మాట పాకి పేటంతా కుండలూ చాపలూ వీధిలో పెట్టింది. అది చూసిన మార్టెన్స్ సాయంత్రం దాకా ఆగలేదు. లాంచీని వెంటనే రప్పించి ఖనిజం మూటలు ఎక్కించాడు. నరసింగరావు ఒడ్డుకు పరిగెత్తేసరికి ఇంజను గర్జించింది. మార్టెన్స్ పేల్చిన గుండు ట్రాన్సిస్టర్‌ని చీల్చింది. లాంచీ అల దాటబోయి దగ్గింది, కొట్టుకుంది, ఆగిపోయింది.

మోకాటి లోతు నీళ్ళలోంచి కన్యాకుమారి వస్తోంది. "ట్యాంకులో వాళ్ళ ఇసుకే పోశాను," అంది. మాటు వేసిన పోలీసు పడవలు లాంచీని చుట్టుముట్టాయి.

మూటలు సీసం పెట్టెల్లో, తుపాకుల కాపలాతో ఢిల్లీ వెళ్ళాయి. ఇళ్ళ గురించి ఎవరూ అడగలేదు. వానలు పడకముందే అప్పలసూరి పోయాడు.

నరసింగరావు సెలవు పెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని అసిరమ్మ ఇంటి నేల తవ్వుతున్నాడు. కన్యాకుమారి నేతచీర దోపుకుని గంపలు మోస్తోంది. శ్రీకాకుళం పోస్టాఫీసుకి చీఫ్ ట్రంకాల్ వచ్చింది.

"కొత్త మిషన్ ఉంది. అక్కడింకా ఏం చేస్తున్నావు?"

"ఇంకో గది మిగిలింది సార్. భయం లేదు, దీని మట్టిని ఏ దేశంవాడూ దొంగిలించడు."