రీమ్ పేరున వేసిన ముద్ద

మా బౌద్ధ విహారం వెనక ఉత్తరపు మూలకి మంచి పేరు లేదు. బూరుగు చెట్టు కింద అస్థికలు దాచిన బుల్లి గోపురాలు నాలుగున్నాయి... ఎవరివో చెప్పగలిగినవాళ్ళు కూడా పోయారు. కుక్కలు అటు వెళ్ళవు. పంక్చర్లు వేసే మోన్ ఒక రాత్రి ఒంటేలుకని అటు వెళ్ళి, లుంగీ అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఏం చూశావురా అంటే ఈనాటికీ చెప్పడు.

పోయినవాళ్ళకి పెట్టుకునే పండుగ ప్చుమ్ బెన్. ఆ పదిహేను రోజులూ యమలోకం తలుపులు తీసే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి జనమంతా విహారం చుట్టూ తిరుగుతూ, పోయినవాళ్ళ పేర్లు చెప్పి నువ్వుల ముద్దలు చీకట్లోకి విసురుతారు. సూదిబెజ్జమంత నోరున్న ప్రేతాలు వాటికోసమే కాచుక్కూచుంటాయి. తన పేరున ముద్ద దొరకని ప్రేతం ఏడు విహారాలు వెతుక్కుంటుందట. అయినా సరే, ఆ మూల వచ్చేసరికి అందరికీ కాళ్ళకి పరుగొస్తుంది.

ఒక్క సొఖోమ్ మామ్మే అక్కడ ఆగేది.

ధైర్యం ఉండి కాదు. ఆఖరి ముద్ద ఎవరి చెవినా పడకుండా వెయ్యాలి. అది ఆవిడ చెల్లెలు రీమ్ పేరున వేసే ముద్ద. రీమ్ ఏమో చావలేదు!

సంగతేమిటంటే, పన్నెండేళ్ళ కిందట తల్లి కర్మ నాడు మామ్మ నూటయాభై జిగురన్నం పొట్లాలు అరిటాకుల్లో చుట్టి ఉడికించింది. రీమ్ ఒకటి విప్పి కొరికి, భిక్షువులంతా వింటుండగా, "పలుకుందక్కా. పాపం, అమ్మకి పళ్ళు కూడా లేవు" అంది.

"ఈ పూటతో నువ్వు చచ్చావు నాకు" అంది మామ్మ.

ఆ సాయంత్రమే రీమ్ బత్తంబాంగ్ బస్సెక్కింది.

మామ్మకి మాటంటే మాటే. చచ్చిందన్నాక, చచ్చినవాళ్ళకి జరగాల్సింది జరగొద్దూ? ఒకరిమీద కోపమని కర్మలో లోపం చెయ్యడానికి ఆవిడేం ఇప్పటి మనిషి కాదు. కాబట్టి ఏటా ఒక ముద్ద. పేరు పైకి వినబడితే "ఎప్పుడు పోయిందే?" అని ఊరు అడుగుతుంది. అందుకే ఆ మూల.

ఈ ఏడు, పండుగ ఇంకా మొదలవకముందు, నారింజపళ్ళ వ్యాను నడిపే కుర్రాడు చెప్పాడు.

"మామ్మా, బత్తంబాంగ్‌లో మీ చెల్లెలికి జ్వరమట. ఆస్పత్రిలో పెట్టారట."

"ఏ చెల్లెలు?" అంది మామ్మ.

అంది గానీ, ఆ రాత్రి నుంచి కంటిమీద కునుకు లేదు. ఎవర్నయినా అడుగుదామంటే నోరు రాదు. పన్నెండేళ్ళు వేసిన ముద్దలు ఇప్పటికి పనిచేశాయా ఏమిటి? తన నోటితో తనే చంపుకుందా?... పద్నాలుగు తెల్లవారుజాములూ ఆ ఆఖరి ముద్దని బుట్టలోనే వెనక్కి తెచ్చుకుంది.

ఇక మిగిలింది ఒక్క రోజు. రేపటికి తలుపులు మూసేస్తారు. రీమ్ బతికుంటే ముద్ద వెయ్యకూడదు. పోయుంటే వెయ్యకుండా ఉండకూడదు. పేరు పెట్టి పిలిచే దిక్కులేక ఏడు విహారాలూ ఆకలితో తిరుగుతుంది పిచ్చిది.

ఆ తెల్లవారుజామున వాన తుంపర. కరెంటు లేదు. జనం మూల దాటిపోయారు. పక్కింటి చెందా వెనక్కి తిరిగి గుసగుసగా పిలిచింది. "మామ్మా... అటెందుకు? రా!"

"నీ పని చూసుకోవే. నీ ముద్దలు విసరకముందే విచ్చిపోతున్నాయి."

చెందా కొవ్వొత్తి మలుపు తిరిగింది. చీకటి... బూరుగాకుల మీంచి నీళ్ళు చుక్క — చుక్కగా...

మామ్మ ముద్ద తీసింది.

"రీమ్... ఉన్నావా... పోయావా?"

విసిరింది.

కింద పడ్డ చప్పుడు రాలేదు.

మామ్మ ఊపిరి బిగబట్టి వింది. రాలేదు. దాని బదులు, గోపురాల మధ్య నుంచి... మెల్లిగా... నములుతున్న చప్పుడు!

తెల్లగా ఏదో లేచింది. గుండు. పుల్లల్లాంటి చేతులు. ఆ చేతుల్లో ముద్ద. పిలిచిన పేరుకి వచ్చి, వేసిన ముద్ద అందుకుంది — ఇంకా అనుమానం దేనికి?

మామ్మ బురదలో కూలబడింది. నోటికొచ్చిన మంత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"చంపేసుకున్నానే తల్లీ... నా నోరు పడిపోనూ... నేనే చంపుకున్నానే నిన్ను..."

నమలడం ఆగింది.

"నువ్వులు మాడ్చావు" అంది ఆ ఆకారం.

మామ్మకి భయం కంటే ముందు కోపం వచ్చింది. "నేనా! నేను నువ్వులు మాడ్చానా! నలభై ఏళ్ళుగా నా చేతి..."

ఆగిపోయింది. సూదిబెజ్జం నోటితో ప్రేతం ఇంత ముద్ద ఎలా నమిలింది? చెయ్యి చాచి ఆ పాదం పట్టుకుంది. వెచ్చగా ఉంది. జలుబు మందు వాసన కూడా వేస్తోంది.

"వదలవే అక్కా, గిలిగింతలు" అంది రీమ్. "జ్వరం తగ్గితే గుండు చేయించుకుని సన్యాసినుల తెల్లబట్టలు కడతానని మొక్కుకున్నా. కట్టుకున్నా. తెల్లారకుండా తినకూడదు గానీ, నా పిండం నేను రుచి చూసుకోవద్దూ?"

"నీకెవరు చెప్పారు?"

"నీ ఊళ్ళో చెవులు నీకొక్కదానికే ఉన్నాయా? బతికున్న మనిషికి పన్నెండేళ్ళు! సిగ్గు లేదూ?"

మామ్మ తల వంచుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అంది.

"తప్పయిపోయిందే."

రీమ్ పక్కనే బురదలో చతికిలబడి బుట్ట అంచు గోళ్ళతో గీరుతూ కూర్చుంది.

"అంత పెద్ద మాట ఎందుకులే అక్కా."

"ఎందుకేమిటి, తప్పే కనక."

"అది కాదు..." రీమ్ గొంతు సన్నబడింది. "మా విహారంలో నేను కూడా... నీ పేరున..."

మామ్మ చివుక్కున తలెత్తింది.

"ఏటానా?"

"ఏటా. రెండేసి ముద్దలు. నీకు ఆకలెక్కువ కదా."