పిట్టకు పెట్టిన ముద్ద

ఆ రోజు కరుణాకర్ మాసికం. దంతాలపల్లిలోని ఆ ఇంట్లో నెలనెలా అదే తంతు. పొద్దున్నే ఇల్లు కడగడం, తలస్నానాలు, పోయినాయన ఇష్టపడ్డవన్నీ వండడం, ఒక విస్తరి ఆయన ఫోటో ముందు పెట్టి, ఇంకో విస్తరి మిద్దె మీదికి తీసుకెళ్ళి పిట్టకు పెట్టడం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. ఆయన భార్య ఊర్మిళమ్మ ఈ విషయంలో ఎవరి మాటా వినే మనిషి కాదు. గారెల పిండిలో ఉప్పు కాస్త ఎక్కువైందని కిందటి నెల అంతా పారబోసి మళ్ళీ రుబ్బించింది. ఉప్పు ఎక్కువైతే ఆయన ముట్టడట.

లోపలి గదిలో మనవరాలు శ్రేయ ఏడుస్తోంది. ఏడో నెల నిండిన పిల్ల. మొదట్లో గొంతు చించుకుని ఏడ్చేది. ఈ మధ్య ఆ ఏడుపు కూడా సన్నబడింది.

"రుచితా, పిల్ల ఏడుస్తున్నది. పాలియ్యరాదు?" వంటింట్లోంచి కోడలిని కేకేసింది ఊర్మిళమ్మ.

"ఇచ్చిన అత్తమ్మా. రెండు దిక్కుల తాగింది. ఇగ రాకపాయె."

"బర్రెపాలల్ల జరన్ని నీళ్ళు కలిపి పట్టు మరి."

"గవి కూడ తాగింది. దానికి కావాల్సింది పాలు కాదు అత్తమ్మా."

ఊర్మిళమ్మ గరిటెను గిన్నె అంచుకు ఠంగుమని కొట్టింది. ఆ చప్పుడుకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట అక్కడితో ఆగిపోవాలి.

ఎందుకు ఆగాలో కూడా అందరికీ తెలుసు. రుచితకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచినప్పుడు మామ కరుణాకర్ కురవి వెళ్ళి, వీరభద్రస్వామి ముందు తడిబట్టలతో నిలబడి మొక్కాడు. పుట్టిన బిడ్డకు తొలిముద్ద నీ గుళ్ళోనే పెట్టిస్త స్వామీ, అప్పటిదాకా దాని నోట్లె గింజ పెట్టం అన్నాడు. పాప పుట్టింది. పేరు పెట్టిన కొన్నాళ్ళకే ఆ పెద్దమనిషి వడ్ల కుప్ప దగ్గర కూలబడి, దవాఖానకు చేరేలోపే కన్నుమూశాడు. ఇంటికి మైల పట్టింది. ఏడాది తిరిగేదాకా గుడిమెట్టు ఎక్కడానికి లేదు. గుడికి పోనిదే పాపకు ముద్ద లేదు. ముడి వేసినాయన దాన్ని విప్పకుండానే వెళ్ళిపోయాడు.

రుచిత అన్న నరేశ్ మహదేవపూర్ నుంచి వచ్చి, "మాకు మైల లేదు గద అత్తమ్మా, పాపను నేను కురవి తీస్కపోత" అన్నాడు. "మీకు లేదు, పిల్లకున్నది. అది మా ఇంటి పిల్ల" అని ఒక్క మాటలో పంపేసింది ఊర్మిళమ్మ. మహబూబాబాద్‌లో డాక్టరు, ఆరో నెల నిండింది కదా, మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు మొదలుపెట్టండి అన్నాడు. ఊర్మిళమ్మ కొడుకు అమర్ డాక్టరు ముందు బుద్ధిగా తలూపి వచ్చాడు. ఎరువుల దుకాణం నడుపుతూ ఊళ్ళోవాళ్ళ తగాదాలు తీర్చే మనిషే. తల్లి ముందు మాత్రం నోరు పెగలదు.

అలాగని ఊర్మిళమ్మకు మనవరాలంటే ప్రేమ లేదనుకుంటే పొరపాటు. ప్రేమ ఉంది కాబట్టే అంత భయం. వీరభద్రుడు ఉగ్రుడు. మొక్కు తీరకముందే ఆమె భర్తను తీసుకుపోయాడు. మొక్కు తప్పితే ఇంకెవరిని తీసుకుపోతాడో? అందుకే పాప ఏడిస్తే పళ్ళొస్తున్నాయనేది, కడుపునొప్పి అనేది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది. ఆకలి అనే మాట ఒక్కటి తప్ప అన్నీ అనేది.

వంట పూర్తయింది. హాలులో ఫోటో ముందు పీట వేసి, విస్తరిలో అన్నం, పెసరపప్పు, గారెలు, మాంసం కూర వడ్డించింది. రెండో విస్తరి అమర్ చేతికిచ్చింది.

"చెంబుల నీళ్ళు పట్టుకొని నువ్వు కూడ రా రుచితా. పిల్లను హాలుల చాప మీద పండబెట్టు, ఏం కాదు."

ముగ్గురూ మిద్దె ఎక్కారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గోడ మీద విస్తరి పెట్టి, నీళ్ళు చల్లి, దండం పెట్టి దూరం జరిగారు. కాకి రాలేదు. పక్కింటి మీద రెండు వాలాయి గానీ ఇటు చూడలేదు.

"కా... కా..." పిలిచింది ఊర్మిళమ్మ. "అలిగినట్టున్నడు. ఏం తక్కువైందో ఏమో! అమర్, కిందికి పోయి ఇంకో రెండు గారెలు తే. వేడివి తే, సల్లబడితే ఆయన ముట్టడు."

అమర్ వంటింట్లోంచి గారెలు పట్టుకొచ్చాడు. కింద పాప ఏడుపు వినిపిస్తూనే ఉంది. రుచిత మెట్ల వైపు రెండడుగులు వేసింది.

"పిట్ట ముట్టకముందు పోవద్దు" అంది అత్త.

రుచిత ఆగిపోయింది. ఊర్మిళమ్మ గారెలు తుంచి అన్నం మీద వేసింది. చేతులు జోడించి, ఏమన్న తప్పుంటే కడుపుల పెట్టుకోమని బతిమాలింది. కాసేపటికి కింద ఏడుపు ఆగింది. ఆ వెంటనే ఒక కాకి వచ్చి గోడ మీద వాలి, అటూ ఇటూ చూసి, గారె ముక్క నోట కరుచుకుంది.

"తిన్నడమ్మా! బాపు తిన్నడు!" అన్నాడు అమర్.

ఊర్మిళమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇగ పాండ్రి, మనం తిందాం" అంటూ ముందుగా మెట్లు దిగింది.

హాలు గుమ్మంలో ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

చాప ఖాళీగా ఉంది. పాప పొట్ట మీద పాక్కుంటూ ఫోటో దాకా వెళ్ళింది. విస్తరి సగం పీట మీంచి జారింది. రెండు పిడికిళ్ళ నిండా అన్నం, బుగ్గల మీద మెతుకులు, నోరు ఉబ్బేంత అన్నం. మింగడం ఇంకా సరిగ్గా తెలియని ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి మింగడానికి తంటాలు పడుతోంది.

"అయ్యో! నా తల్లీ! ఊంచెయ్! ఊంచెయ్ బిడ్డా!"

ఊర్మిళమ్మ పరుగెత్తుకెళ్ళి పాపను ఒళ్ళోకి లాక్కుంది. వేలు నోట్లో పెట్టి మెతుకులు బయటికి గోకింది. పప్పు అంటిన ముద్ద ఒకటి చీర మీద పడింది. మళ్ళీ వేలు పెట్టింది. ఈసారి వేలు తిరిగి రాలేదు. పాప చిగుళ్ళతో దాన్ని గట్టిగా పట్టుకుంది. ఏడవలేదు. వేలికి అంటిన పప్పును చప్పరించడం మొదలుపెట్టింది. ఊర్మిళమ్మ వేలు లాగితే దానితోపాటే పాప తల కూడా లేచి వస్తోంది.

"తియ్యకుండ్రి అత్తమ్మా!" రుచిత కేక ఇల్లంతా మోగింది. "దాని నోట్లెకెంచి తియ్యకుండ్రి!"

"మొక్కు రుచితా... స్వామి మొక్కు... పైంగ పోయినాయన విస్తరి..."

"నాకు భయం లేదనుకున్నరా? రెండు పోయినయి నా కడుపులకెంచి! మీకంటె ఎక్కువ నేనే భయపడ్డ. మీరు ఇంట్ల లేనప్పుడు గూడ ఒక్క మెతుకు పెట్టలే. ముద్ద కలిపి, దాని నోటిదాక తీస్కపోయి, మళ్ళ గిన్నెల ఏసిన. ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు. అది నా చెయ్యి దిక్కు చూస్తనే ఉండె. నేనేం తల్లిని అత్తమ్మా?"

"రుచితా, జర నిమ్మలంగ..." అన్నాడు అమర్.

"నువ్వు మాట్లాడకు! డాక్టరు చెప్పినప్పుడు తలకాయ ఊపినవ్ గద, ఇంటికొచ్చినంక ఏడ వాయె ఆ తలకాయ?"

అమర్ తల దించుకున్నాడు. రుచిత అత్త ముందు మోకాళ్ళ మీద కూలబడింది. గొంతు తగ్గింది గానీ మాట పదును తగ్గలేదు.

"కాకి రాకపోతే ఇంకో రెండు గారెలు తెప్పించిండ్రు. వేడివి కావాలన్నరు. పోయినోళ్ళకు ఆకలైతదని నెలనెల వండుతున్నం. ఇది బతికున్నది అత్తమ్మా. దీనికి ఆకలైతలేదా?"

ఊర్మిళమ్మ ఒళ్ళోని పిల్లను చూసింది. రోజూ ఎత్తుకునే పిల్లే. కానీ ఆ చేతులు అంత సన్నగా ఎప్పుడయ్యాయో ఆమెకు తెలియదు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. పాప ఇంకా వేలు వదల్లేదు. నానమ్మ ముఖంలోకి చూస్తూ, రాని రుచి కోసం లాగుతూనే ఉంది.

"స్వామి కోపానికొస్తే?" అంది, తనలో తాను అనుకున్నట్టు.

అప్పుడు అమర్ తలెత్తాడు. ఆ మాట అనడానికి అతనికి ఇన్ని నెలలు పట్టింది.

"అమ్మా, బాపు గా మొక్కు మొక్కింది పిల్ల బతకాల్నని."

ఊర్మిళమ్మ ఫోటో వైపు చూసింది. ఆయన బతికుండగా ఎదురుగా పసిపిల్లలు చూస్తుంటే ముద్ద దిగేది కాదు. ఎవరి పిల్లలైనా పిలిచి, తన కంచంలోదే ముందు వాళ్ళకు పెట్టేవాడు. అలాంటి మనిషి పేరు చెప్పి, ఆయన మనవరాలి నోట్లోంచి తాను అన్నం గోకి పారేసింది. అదీ ఆయన ఫోటో ముందే.

"జరన్ని వేడినీళ్ళు తే అమర్" అంది.

ఆ విస్తరిలోదే కొంచెం అన్నం, కొంచెం పప్పు గిన్నెలోకి తీసింది. నీళ్ళు పోసి, మెతుకు మిగలకుండా వేళ్ళతో మెదిపింది. నెయ్యి చుక్క వేసింది. ఫోటో వైపు కాకుండా, కురవి ఉన్న దిక్కుకు తిరిగింది.

"కోపముంటే నా మీదికి రా స్వామీ. మాట తప్పింది నేను. ఈ పసిదాని జోలికి రాకు."

గిన్నె కోడలి చేతికిచ్చింది. "నువ్వు పెట్టు. తల్లివి."

రుచిత ఏడుస్తూనే పెట్టింది. పాప మొదటి ముద్ద సగం బయటికి తోసింది, సగం మింగింది. రెండోదానికి నోరు ముందే తెరిచింది. గిన్నె అడుగు కనిపించేసరికి ఏడుపు అందుకుంది. ఒకేసారి ఎక్కువ పెట్టకూడదని తెలిసీ, ఆ ఏడుపు వినలేక ఊర్మిళమ్మ వాకిట్లోకి వెళ్ళి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భర్త పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

మర్నాడు పాపను మహబూబాబాద్ దవాఖానకు తీసుకెళ్ళారు. డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు. రక్తం బాగా తగ్గిపోయింది, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలి అన్నాడు. ఇదంతా నయమవుతుందా అని అమర్ అడిగితే, చూద్దాం, ఇంత ఆలస్యం చేయాల్సింది కాదు అని మాత్రం చెప్పాడు.

వార్డులో పక్క మంచం దగ్గర, తండా నుంచి వచ్చిన సారక్క జ్వరంతో ఉన్న మనవడికి తడిగుడ్డ వేస్తోంది. శ్రేయ చేతికి గుచ్చిన సూదిని చూసి అయ్యో అంది.

"ఏమైంది అక్కా పాపకు? జరమా?"

"రక్తం తక్కువున్నది..." అని అమర్ ఏదో చెప్పబోయాడు.

"జరం కాదు చెల్లె" అంది ఊర్మిళమ్మ. "ఆకలి. ఇంట్ల బస్తాల కొద్ది బియ్యం పెట్టుకొని, పిల్లను ఆకలికి మాడ్చిన. నేనే."

సారక్క తడిగుడ్డ పక్కన పెట్టి, పాప పాదాన్ని మెల్లగా నిమిరింది. ఊర్మిళమ్మ మూత తీసి, ఇంటి నుంచి తెచ్చిన మెత్తటి అన్నం గిన్నెను కోడలి వైపు చాపింది. రుచిత అందుకోలేదు. పాపను ఎత్తి అత్త ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఈ పూట మీరు పెట్టుండ్రి అత్తమ్మా."

ఊర్మిళమ్మ నిన్న మెతుకులు గోకిన వేలితోనే కొంచెం ముద్ద తీసింది. పాప నోరు తెరిచింది.